అతుకు మీద మిగిలిన జిగురు



ఈ నెల నేను వ్రాస్తున్నది ప్రసంగము కాదు. బోరు మోటారు ఉన్న ప్రతి ఇంటికీ, ఆంప్లిఫయరు ఉన్న ప్రతి మందిరమునకూ పనికివచ్చే ఒక చిన్న పని గురించి. చూడడానికి అల్పమైనదే గాని, దానివలన ఒక ఇంట్లో తండ్రికీ కొడుకుకూ మాట పట్టింపు వచ్చింది. మరియొక ఊరిలో అన్నదమ్ములు విడిపోయే వరకు వెళ్ళింది. అందుకే వ్రాయాలనిపించింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో గృహదర్శనమునకు వెళ్ళే సేవకులకు తెలుసు, ఏ ఇంట్లోనైనా మొదటి మాట వాన గురించి, రెండవ మాట కరెంటు గురించి. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. 2022 ఏప్రిల్‌లో మన ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది గాని వాన మాత్రము జిల్లా మారలేదు. కాబట్టి రైతుకు బోరే ఆధారము. ఆ బోరులోని మోటారుకు కాపలా ఉండేది స్టార్టరు డబ్బాలో ఉన్న అరచేయంత బోర్డు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు మోటారును ఆపవలసింది అదే. కరెంటు వచ్చినప్పుడు కాసేపు ఆగి మోటారును తిప్పవలసింది అదే. అది మాట వినకపోతే ఆరేడు వందల అడుగుల లోతునున్న మోటారు కాలిపోతుంది. పైపులన్నీ పైకి లాగించి, మోటారుకు కొత్తగా వైండింగు కట్టించి, మరల దింపేసరికి ఆ కారు పంట మీద ఆశ వదులుకోవలసిందే.

మా సంఘములోని ఒక రైతుబిడ్డ ఐ.టి.ఐ. చదివి పెనుకొండలో ఇలాంటి బోర్డులు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. 2021 ఎండాకాలములో ఒక దినము అతని తండ్రి నన్ను అంగడికి పిలిపించి, కొడుకు ఎదుటనే ఫిర్యాదు చేశాడు.

"అయ్యగారూ, వీనికి మీరన్నా చెప్పండి. అతికేది పది నిమిషాలు, కడిగేది అరగంట. పక్క వీధిలో ఆయన గంటకు నాలుగు బోర్డులు చేసి పంపిస్తాంటే, వీడు పండ్లు తోముకునే బ్రష్షు పట్టుకొని కూర్చుంటాడు. ఇట్లయితే అంగడి బాడుగ ఎవరు కట్టాల?"

"కడగకుండా ఇస్తే అది మళ్ళీ వానకాలంలో తిరిగి వస్తుంది నాయనా" అన్నాడు కొడుకు, తల ఎత్తకుండానే.

"వస్తే మళ్ళీ చేసి దుడ్లు తీసుకో! ఏంటికి వద్దంటావు?"

తండ్రి మాటలో దురాశ లేదు. అంగడి కోసము చేసిన అప్పు అతని పేరుననే ఉన్నది. ఆ ఏడు చెనక్కాయ పంట ఎలా ఉన్నదో నేను చూచినవాడనే. ఇద్దరూ నావైపు చూశారు. నాకు ఈ పని కొంచెము తెలుసు గనుక కొడుకు పక్షమే మాట్లాడాను. మా చిన్నాయన ధర్మవరములో రేడియోలు బాగుచేసేవాడు. బడి సెలవుల్లో ఆయన అతికిన బోర్డులను స్పిరిట్‌తో రుద్దే పని నాదే.

తెలియనివారికి ఈ పని ఏమిటో చెప్పాలి. మన పెద్దలు చెంబుకు మాటు వేయించేవారు, కంసాలి నగకు టంకము పెట్టేవాడు. బోర్డు మీద చేసేది కూడ అదే పని. తగరము 60 పాళ్ళు, సీసము 40 పాళ్ళు కలిపిన తీగ 183 డిగ్రీల వద్ద మెత్తబడి, 190 డిగ్రీల దగ్గర పూర్తిగా కరుగుతుంది. దానిని వేడి ఇనుము మొనతో కరిగించి, రాగి గీత మీద చిన్న భాగము కాలును అతుకుతారు. అయితే రాగికి గాలి తగిలితే పైన మకిలి పడుతుంది. మకిలి పట్టిన రాగి మీద ఆ కరిగిన లోహము నిలువదు, తామరాకు మీది నీటిబొట్టులా దొర్లిపోతుంది. ఆ మకిలిని తీసివేసే సహాయకుడు ఒకడు కావాలి. కంసాలికి అది వెలిగారము. కళాయి పూసేవానికి నవాసారము. రేడియో పనివానికి రోజిన్, అనగా పైన్ చెట్టు బంక నుండి నూనె తీసివేయగా మిగిలే పసుపుపచ్చని గడ్డ. ఫిడేలు కమానుకు రుద్దేదీ ఇదే. అతికే తీగ నడిమి బొక్కలో ఇది నింపియే ఉంటుంది. ఈ సహాయకునికి పనివారు పెట్టిన పేరు ఫ్లక్స్.

వేడి తగలగానే ఫ్లక్స్ కరిగి, రాగి మీది మకిలిని తిని, లోహమునకు దారి ఇస్తుంది. అతుకు నున్నగా మెరుస్తుంది. యెషయా గ్రంథము 41వ అధ్యాయములో విగ్రహములు చేసే పనివారు అతుకును చూచి బాగున్నదని చెప్పుకొనడము, తరువాత అది కదలకుండా మేకులు కొట్టడము మీరు చదివి ఉంటారు. తన్ను తాను నిలుపుకొనలేని దేవునికి మేకులు కొట్టవలసి వచ్చిందని ప్రవక్త ఎగతాళి. అది అలా ఉండనీయండి. అతుకును కంటితో చూచి తీర్పు చెప్పే అలవాటు అంత పాతదని మాత్రము తెలుస్తున్నది. కాని మన బోర్డుల విషయములో అతుకు బాగున్నంత మాత్రాన పని అయిపోలేదు. పని చేసి పెట్టిన ఫ్లక్స్ ఎక్కడికీ పోదు. చల్లారి, అతుకు చుట్టూ గోధుమరంగు జిగురుగా నిలిచిపోతుంది.

మంచి రోజిన్ ఒక్కటే అయితే అంత భయము లేదు. చల్లారితే గాజువలె గట్టిపడి, తనలోని ఆమ్లగుణాన్ని తనలోనే మూసి ఉంచుకుంటుంది. కాని త్వరగా అతుక్కోవాలని చాలా రకాల్లో ఇంకా ఘాటైన లవణములు కలుపుతారు. అంగళ్ళలో పేరులేని డబ్బాల్లో అమ్మే పేస్టులో ఏమున్నదో అమ్మేవానికే తెలియదు. రేడియేటర్లకు, రేకు డబ్బాలకు వాడే ఆమ్లపు రకము బోర్డు మీద వాడితే అది రాగిని తింటూనే ఉంటుంది. ఇవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. మన సీమలో మరియొక చిక్కు ఉన్నది. మెత్తగా మిగిలిన జిగురు మీద ఎర్రమట్టి దుమ్ము వచ్చి అంటుకుంటుంది, చీమలు చేరుతాయి. ఎండలు ఉన్నన్ని నెలలూ ఏమీ కాదు. కడగని బోర్డు, కడిగిన బోర్డు ఒకేలా పనిచేస్తాయి. అక్టోబరు, నవంబరు ముసురు పట్టినప్పుడు ఆ దుమ్ము జిగురు తడిసి, ఒక రాగిగీత నుండి పక్క గీతకు కరెంటు పారనిస్తుంది. గీతల మధ్య కొన్నాళ్ళు అలా పారితే లోహము ఒక వైపు కరిగి, రెండవ వైపు నుండి చెట్టు వేళ్ళలాగా సన్నని పోగులుగా పెరుగుతుంది. భూతద్దములో చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. మందిరములోని ఆంప్లిఫయరు ముసురు దినాల్లో మాత్రమే గరగరలాడుతుందంటే, ఎన్ని కారణాలు ఉన్నా ఇది ఒకటని గుర్తుంచుకోండి.

ఇక కడిగే పద్ధతి. ముందు కరెంటు తీయాలి. పెద్ద కండెన్సర్లలో నిలువ ఉన్న కరెంటును కూడ పోగొట్టాలి. అతుకు పూర్తిగా చల్లారాలి, వేడి ఇనుమును దూరముగా పెట్టాలి, ఎందుకంటే కడిగే మందు మండేది. దాని పేరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అంగళ్ళలో ఐ.పి.ఎ. అంటే ఇస్తారు. మా కుర్రవాడు హిందూపురములో దొరకనప్పుడు బెంగుళూరు ఎస్.పి. రోడ్డు నుండి తెచ్చుకుంటాడు. నీరు కలవని, నూటికి 99 పాళ్ళ రకము మేలు. 2020లో కరోనా సమయములో ఇంటింటా శానిటైజరు ఉన్నది గదా అని కొందరు దానితో కడిగారు. చాలా శానిటైజర్లలో చేతుల కోసము గ్లిజరిన్ కలుపుతారు, అది బోర్డు మీద ఆరదు, కొత్త జిగురవుతుంది. పెట్రోలు వద్దు, నిప్పుకు భయము. థిన్నరు ప్లాస్టిక్కును, పెయింటును కరిగిస్తుంది. మా చిన్నాయన కాలములో కొందరు కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడేవారు, అది కాలేయమును పాడుచేసే విషము.

బ్రష్షు వెంట్రుకలను సగానికి కత్తిరిస్తే గట్టిగా రుద్దవచ్చు. బోర్డును ఏటవాలుగా పట్టుకొని పైనుండి క్రిందికి రుద్దాలి. రిలే, వోల్టేజి సరిచేసే ప్రీసెట్, స్విచ్చి, వీటిలోకి మందు పోనీయకూడదు. లోపలికి పోతే జిగురును కూడ వెంట తీసుకొనిపోతుంది.

ఇక్కడే ముఖ్యమైన మాట. చాలామంది దూదిని తడిపి ఒకసారి తుడిచి, జిగురు మెరుపు పోయింది గనుక శుభ్రమైనదనుకుంటారు. ఆల్కహాల్ జిగురును మాయము చేయదు, కరిగిస్తుంది అంతే. కరిగిన జిగురు బోర్డు మీదనే పలుచగా పరుచుకొని, ఆల్కహాల్ ఆరిపోగానే మరల గట్టిపడుతుంది. అంతకంటె చెడ్డది మరొకటి ఉన్నది. రోజిన్ కొంత కరిగిపోయి, దానిలో మూతపడి ఉన్న లవణములు బయటపడి, తెల్లని బూడిదలా కనబడతాయి. అంతవరకు మూత క్రింద ఉన్నది ఇప్పుడు గాలికీ తేమకూ తెరిచి ఉన్నది. అందుకే సగము కడగడము అసలు కడగకపోవడము కంటె చెడ్డది. మొదట రుద్ది కరిగించిన మురికిని శుభ్రమైన గుడ్డతో అద్ది తీసివేయాలి. మరల కొత్త ఆల్కహాల్ పోసి రుద్దాలి. గుడ్డకు రంగు అంటనంత వరకు అలాగే చేయాలి. ఆ కుర్రవాని అరగంట అంతా ఈ రెండవసారికి, మూడవసారికి పట్టేదే. ఇవి చూచే కన్ను రైతుకు ఉండదు, కూలి ఇచ్చేవాడూ ఉండడు.

బోధకులమైన మాకు ఒక బలహీనత ఉన్నది. మురికి కనబడితే చాలు, అది పాపమని చెప్పి ప్రసంగము కట్టేస్తాము. ఫ్లక్స్ విషయములో ఆ మాట అతకదని నాకు నేర్పింది ధర్మవరము పట్టు. పురుగు వదిలిన పట్టుపోగు చుట్టూ సహజమైన జిగురు ఉంటుంది. పోగును పురి పెట్టేటప్పుడు తెగకుండా, లేవకుండా కాపాడేది ఆ జిగురే. పురి పెట్టిన తరువాత సబ్బు, సోడా వేసిన వేడినీళ్ళలో ఉడికించి దానిని తీసివేస్తారు. ముడిపట్టు బరువులో దాదాపు నాలుగవ వంతు అలా పోతుంది. అది పోతేనే రంగు సమానముగా ఎక్కుతుంది, చీరకు ఆ మెరుపు, మెత్తదనము వస్తాయి. ఆ జిగురు మురికి కాదు, దాని పని అయిపోయింది. నేత ఇండ్లలో ఎవరూ దానిని తిట్టరు. అలాగని నాలుగవ వంతు బరువు పోతుందని చూచి దానిని ఉంచుకొనేవారూ లేరు.

కడగడము గురించి వేదశాస్త్ర పాఠశాలలో ఒక సంగతి నేర్చుకున్నాను. 51వ కీర్తనలో దావీదు తన్ను కడుగుమని వేడుకొన్న చోట, యిర్మీయా 2వ అధ్యాయములో సబ్బు ఎంత రాచుకొన్నా మరక పోదని చెప్పిన చోట, మలాకీ 3వ అధ్యాయములో చాకలివాని సబ్బు మాట వచ్చిన చోట, హెబ్రీలో ఒకే ధాతువు ఉన్నది. అది చేతులు కడుగుకొనే మాట కాదు. బట్టలను తొక్కి, బాది ఉతికే పనికి వాడే మాట. దావీదు దానికి ఇంకా అధికముగా అనే అర్థమిచ్చే పదము కూడ చేర్చాడు. ఒకసారి తుడిచి వదిలే పనిని అతడు అడుగలేదు.

2021 నవంబరులో ఎడతెగని వానలు కురిసి చిత్రావతి పొంగిన సంగతి మన ప్రాంతములో ఎవరూ మరువలేదు. వానలు వెలిసిన తరువాత ఒక గ్రామములో అన్నదమ్ముల ఉమ్మడి బోరు మోటారు కాలిపోయింది. ఊరి పేరు చెప్పను. రాత్రి రెండు ఫేజుల మీదనే ఎవరో మోటారు తిప్పారని తమ్ముడు అన్నాడు. ఎవరో అంటే అన్న కొడుకు. మాట మాట పెరిగి, పది మంది కూర్చున్నారు. అక్కడ మోటారు సంగతి వెనుకకు పోయింది. చెల్లెలి పెండ్లికి ఎవరెంత పెట్టారు, తల్లి గాజులు ఎవరింట్లో ఉన్నాయి, పన్నెండేండ్ల క్రిందటివన్నీ బయటికి వచ్చాయి. రెండు గంటలు అన్నీ తవ్వి బయటపెట్టి, పెద్దలు "ఇంక కలిసి ఉండండి" అని చెప్పి భోజనాలకు లేచిపోయారు. మరుసటి దినము నుండి ఆ రెండిండ్ల ఆడవాళ్ళు కుళాయి దగ్గర కూడ మాట్లాడుకొనలేదు.

స్టార్టరు బోర్డును మా కుర్రవాని దగ్గరకు నేనే పంపించాను. అది కొన్ని నెలల క్రిందట మరియొకచోట బాగుచేయించినది. తిప్పి చూస్తే అతుకుల చుట్టూ పేస్టు అలాగే ఉన్నది, దాని మీద మట్టి, రెండు గీతల మధ్య పచ్చని చిలుము. ఫేజు పోయినప్పుడు రిలే వదలలేదు, మోటారు కాలింది. "ఎవరూ ముట్టలేదన్నా, ఇది లోపలనే పాడైంది" అని అతడు తమ్మునికి భూతద్దము ఇచ్చి చూపించాడు. తమ్ముడు చాలాసేపు చూశాడు గాని ఏమీ అనలేదు.

బోర్డు నిరపరాధిని విడిపించింది గాని, పంచాయతీలో బయటపడినవి బయటనే ఉన్నాయి గదా. నేను, మా సంఘపెద్ద ఒకరు, ఆరు సాయంకాలములు ఆ ఇండ్లకు వెళ్ళాము. కొత్తగా ఏదీ అడుగలేదు. అప్పటికే బయటికి వచ్చినవాటినే ఒక్కొక్కటిగా తీసుకొని, గాజుల సంగతి గాజుల వరకు, పెండ్లి ఖర్చు సంగతి దాని వరకు, తేలినదాన్ని కాగితము మీద వ్రాయించి సంతకాలు పెట్టించి, మరల ఎత్తకూడదని ఇద్దరిచేతా ఒప్పించాము. ఆ క్రిస్మసుకు రెండు కుటుంబాలు మందిరములో వేరువేరు చోట్ల కూర్చున్నాయి. శుభ శుక్రవారము నాటికి ఆడవాళ్ళు పలకరించుకున్నారు. ఆ తరువాత మేమిద్దరమూ ఆ ఇంటి సంగతుల్లో కల్పించుకొనడము మానివేశాము. కలిపిన పెద్దలము గదా అని ప్రతి చిన్నదానికీ మధ్యన నిలుచుంటే మేమే జిగురుగా మిగిలిపోతాము.

ఈ సంగతి విన్న తరువాత ఆ కుర్రవాని తండ్రి మెత్తబడ్డాడే గాని పూర్తిగా ఒప్పుకొనలేదు. "నిజమే అయ్యగారూ, కాని పక్క వీధి ఆయనకే ఇప్పటికీ బోర్డులు ఎక్కువ" అన్నాడు. అదీ నిజమే. ఇప్పుడు కొడుకు చీటీలో అతికినందుకు ఇంత, కడిగినందుకు ఇంత అని వేరువేరుగా వ్రాస్తున్నాడు. కడిగిన మురికి గుడ్డను రైతుకు చూపించి మరీ అడుగుతాడు. కొందరు ఇస్తారు, కొందరు గొణుగుతారు. బాడుగ మాత్రము తప్పకుండా కడుతున్నాడు.

"కంపెనీ బోర్డులు కడగరు గదా, మనమేంటికి కడగాల?" అని కొందరు యౌవనస్థులు అడుగుతున్నారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైన తరువాత కంపెనీ పనులకు వెళ్ళే పిల్లలు ప్రతి సంఘములోనూ ఉన్నారు గనుక ఈ ప్రశ్న సహజమే. ఒకప్పుడు ప్రపంచమంతట బోర్డులను సి.ఎఫ్.సి. అనే రకము ద్రవాలతో కడిగేవారు. అవి ఆకాశములోని ఓజోను పొరను తినివేస్తున్నాయని తెలిసి, 1987లో మాంట్రియల్ ఒడంబడికతో వాటిని క్రమముగా మానిపించారు. కడగనక్కరలేని ఫ్లక్స్ విస్తారముగా వాడుకలోకి వచ్చింది ఆ తరువాతనే. కంపెనీలో బోర్డు అంతా కొలిచిన వేడిలో, కొలిచిన సమయము ఉంటుంది, ఫ్లక్స్ కూడ కొలిచియే వేస్తారు, దాని ఘాటు అక్కడే ఖర్చయిపోతుంది. చేతితో అతికేటప్పుడు ఇనుము మొన తగిలినచోటనే వేడి. పక్కకు పారిన ఫ్లక్స్ సగము కాగి సగము కాగక మిగులుతుంది. కాబట్టి డబ్బా మీద కడగనక్కరలేదని వ్రాసి ఉన్నా, చేతిపనిలో పక్కకు పారినదానిని కడగడమే మంచిది. నీటితో పోయే రకము ఫ్లక్స్ అయితే తప్పకుండా ఆ దినమే వేడినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. దానిని మరుసటి దినానికి వదలరాదు.

తల్లులకు ఒక మాట. ఇంట్లో పిల్లలు ఈ పని నేర్చుకుంటుంటే సంతోషించండి గాని, అతికేటప్పుడు వచ్చే పొగ ఆయాసము తెప్పిస్తుంది గనుక కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. తీగలో సీసము ఉన్నది గనుక సబ్బుతో చేతులు కడుగకుండా అన్నము ముట్టనివ్వకండి. బోర్డు తోమిన బ్రష్షును స్నానాల గదిలో పెట్టనివ్వకండి.

సంఘపెద్దలకు కూడ. క్రిస్మసు కూడికలకు ముందు ఆంప్లిఫయరు బాగుచేయడానికి ఇచ్చినప్పుడు, తిరిగి తీసుకొనే ముందు మూత తీయించి అతుకుల వైపు ఒకసారి చూడండి. గోధుమరంగు జిగురుగాని, తెల్లని బూడిదగాని కనబడితే కడిగి ఇమ్మని అడగండి. అందుకు అయ్యే కూలి ఇచ్చి తీసుకొనండి.